వాళ్ళమ్మ వైపు నుంచి వచ్చిందట!

1975లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పత్రికలో ఫ్రీమన్, ఫింకెల్‌స్టైన్, మడ్ అనే ముగ్గురు డాక్టర్లు ఒక వ్యాసం రాశారు. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని. శాస్త్రవ్యాసాన్నయినా ముందు ఒక పాఠంగానే చూడటం అలవాటైపోయింది. అందుకే నా కన్ను అందులోని రసాయన సూత్రాల కంటే ముందు శీర్షికలోని గుర్తుల మీద పడింది. ఫోలేటుకు తగ్గే హోమోసిస్టిన్యూరియా గురించీ, స్కిజోఫ్రీనియా గురించీ ఆ శీర్షిక. అందులో స్కిజోఫ్రీనియా అన్న మాటకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులున్నాయి.

వ్యాసంలో ఉన్నది ఒక అమ్మాయి. కౌమారంలో ఉంది. బుద్ధి ఎదుగుదల కొంచెం తక్కువ. స్కిజోఫ్రీనియా అనిపించేటట్టు మతి చలించేది. పరీక్షలు చేస్తే, తిండిలోంచి వచ్చే ఫోలేటును ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైము ఆమెలో సరిగ్గా పని చెయ్యడం లేదని తేలింది. ఫోలిక్ యాసిడ్ ఇచ్చినప్పుడు ఆ లక్షణాలు తగ్గాయి. ఫోలిక్ యాసిడ్ అంటే మరేదో ఖరీదైన మందు కాదు. మన ఊళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళకి నర్సమ్మ ఇచ్చే ఐరన్ మాత్రలో కలిసి ఉండే విటమినే.

ఇంత తీవ్రమైన లోపం చాలా అరుదు. ఈ అమ్మాయి కథను పట్టుకుని పిచ్చికి విటమిన్ మందు అనేస్తే అంతకన్నా మోసం లేదు. నాకు ముఖ్యమనిపించింది వేరే. జబ్బుకి ఒక కారణం చేతికి దొరకగానే ఆ డాక్టర్లు అప్పటిదాకా ఉన్న పేరుని అనుమానించారు. ఆ రెండు జతల చిన్న గీతల్లో ఆ అనుమానం ఉంది. ఇది నిజంగా ఆ జబ్బేనా, ఆ జబ్బులా కనిపించే మరొకటా అని. మన ఇళ్ళలో 'పిచ్చిది' అన్న మాట చుట్టూ అలాంటి గీతలు గీసినవాళ్ళు ఎందరు?

అయినా, స్త్రీల మతి గురించి శరీర రసాయనాలు మాట్లాడే రచన అంటే మన స్త్రీవాద విమర్శకి మొదటినుంచీ గిట్టదు. గిట్టకపోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. హిస్టీరియా అన్న మాటే గర్భసంచికి గ్రీకులు పెట్టుకున్న పేరులోంచి పుట్టింది. వైర్ మిచెల్ అనే పెద్ద డాక్టరు కుంగిపోయిన స్త్రీలను మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టి, పాలూ కొవ్వూ దండిగా పెట్టి, పుస్తకం ముట్టుకోనివ్వకుండా 'బాగు' చేసేవాడు. ఆ వైద్యం రుచి చూసిన షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో 'ఎల్లో వాల్‌పేపర్' కథ రాసింది. 'జేన్ ఎయిర్' నవలలో అటక మీద బంధించిన బెర్తా మేసన్ కేకల్ని గిల్బర్ట్, గూబర్ 1979లో రచయిత్రి అణచిపెట్టుకున్న కోపంగా చదివారు. మనమూ వాళ్ళ దారిలోనే నడిచి, తెలుగు కథలో మతి తప్పిన ప్రతి స్త్రీలోనూ ఒక ధిక్కారాన్ని వెతికాం. చాలాచోట్ల దొరికింది కూడా.

కానీ ఆ చదువులో ఒక మనిషి తప్పిపోయింది. రాత్రి రెండు మాత్రలు మింగి పడుకుని, పొద్దున్నే నోరెండిపోయి, చేతులు వణుకుతుండగా పిల్లలకి క్యారేజీ సర్ది బస్సెక్కే ఆవిడ. ఆవిడ జబ్బు దేనికీ సంకేతం కాదు. నీ బాధంతా పితృస్వామ్యం పెట్టినదేనమ్మా అంటే ఆవిడకి నిద్ర రాదు. నీ ఒంట్లో ఏం జరుగుతోందో చూద్దాం అని మనం అడగలేదు గనక, ఆ ప్రశ్నని అత్తవారికీ, పెళ్ళిళ్ళ పేరయ్యలకీ, పరీక్షలమ్ముకునే ల్యాబులకీ వదిలేశాం. వాళ్ళు ఆ ప్రశ్నని ఎలా అడుగుతారో చెప్పేముందు అసలు విషయం కాస్త వివరంగా చూడాలి.

ఫోలేటు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉంటుంది. పేరులోనే ఆకు ఉంది. 1941లో పాలకూరలోంచి తీసిన శాస్త్రజ్ఞులు ఆకుకి లాటిన్‌లో ఉన్న ఫోలియం అన్న మాట మీద ఆ పేరు పెట్టారు. అంతకు పదేళ్ళ ముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల స్త్రీ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో వచ్చే ఒక ప్రాణాంతకమైన రక్తహీనతకి ఈస్టు సారమైన మార్మైటు పనిచేస్తోందని 1931లో రాసింది. అందులో పనిచేసింది ఈ ఫోలేటేనని తర్వాత తెలిసింది. 1945లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు, పేగులు ఫోలేటును పీల్చుకోలేని జబ్బు అది. ఈ కథ మన పాఠాల్లో మహాపురుషుడి కథగానే చెప్పుకుంటాం. మిల్లు ఆడవాళ్ళు అందులో రారు. 1922లో ఆయన దేశం విడిచి వెళ్ళాక మళ్ళీ ఆయన ముఖం చూడని భార్య శేషగిరి వస్తే ఒక వాక్యంలో వస్తుంది, త్యాగమూర్తిగా.

ఈ ఫోలేటు ఒంట్లోకి వెళ్ళాక చాలా చేతులు మారుతుంది. చివర్లో ఒక ఎంజైము దాన్ని మిథైల్ ఫోలేటుగా మారుస్తుంది. ఆ ఎంజైముకీ దాని జన్యువుకీ కలిపి ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అని పేరు. మిథైల్ ఫోలేటు, బి12 విటమిన్ సాయంతో, హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని మిథియోనిన్‌గా మారుస్తుంది. మెదడులో ఎన్నో రసాయనాల తయారీకి, జన్యువుల్ని తెరవడానికీ మూయడానికీ కావలసిన ముడిసరుకు అక్కణ్ణుంచే అందుతుంది. దారి ఎక్కడ మూసుకుపోయినా హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుంటుంది. 1995లో కెనడాలోని మాంట్రియల్‌లో రీమా రోజెన్ అనే శాస్త్రజ్ఞురాలి బృందం ఈ జన్యువులో జనసామాన్యంలో బాగా కనిపించే ఒక తేడాని పట్టుకుంది. 677వ చోట సి అనే అక్షరం ఉండాల్సింది టి అయింది. ఒక్క అక్షరం. రెండు ప్రతుల్లోనూ టి ఉన్నవాళ్ళలో ఎంజైము శక్తి మామూలులో మూడో వంతుకి దగ్గరగా పడిపోతుంది. పొరపాటున పడిన అచ్చుతప్పు అందామంటే, యూరపులో చాలాచోట్ల పదిమందిలో ఒకరికి ఉంది మరి. పాఠాంతరం అనడమే న్యాయం. మన దేశంలో చాలా జనసమూహాల్లో అంతకన్నా తక్కువ.

2007లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కకట్టారు. రెండు టి ప్రతులున్నవాళ్ళలో కుంగుబాటు అవకాశం సుమారు 1.36 రెట్లు, స్కిజోఫ్రీనియా 1.44 రెట్లు, బైపోలార్ జబ్బు 1.82 రెట్లు అని తేలింది. రెట్లు అనగానే గుండె గుభేలుమంటుంది. నూటికి ఒకరికి వచ్చే జబ్బు 1.44 రెట్లంటే నూటికి ఒకటిన్నర కూడా కాదు. పైగా కథ అక్కడ ఆగలేదు. 2019లో లక్షలాది మంది జన్యు సమాచారంతో, కుంగుబాటుకి కారణాలని అప్పటిదాకా పేరుమోసిన 18 జన్యువుల్ని మళ్ళీ పరీక్షిస్తే, చేతికందిన ఏ జన్యువునో తీసి చూసినదానికన్నా ఎక్కువేమీ చెప్పలేకపోయాయి. 2022లో స్కిజోఫ్రీనియాతో సంబంధం ఉన్న 287 చోట్లు జన్యుపటంలో గుర్తించారు. ఒక్కొక్కదాని బలం నలుసంత. అంటే వంశంలో ఏమీ లేదని కాదు, ఇదిగో ఇదీ అని వేలుపెట్టి చూపించేది లేదని.

ఇక్కడే నన్ను పట్టి కూర్చోబెట్టిన విషయం ఒకటుంది. రెండు టి ప్రతులున్నా, తిండిలో ఫోలేటు సరిపడా ఉన్నవాళ్ళలో హోమోసిస్టీన్ పెద్దగా పెరగదు. తిండి చాలనప్పుడే ఆ తేడా బయటపడుతుంది. చిన్నప్పుడు వ్యాకరణంలో చేదర్థకం నేర్చుకున్నాం, తింటే, తినకపోతే, ఉంటే, లేకపోతే. ఈ జన్యువు మాట్లాడేది చేదర్థకంలో. దాన్ని ఇంటికి తెచ్చుకున్న మనం నిశ్చయార్థకంలోకి మార్చుకుంటాం. 'ఆకూ పప్పూ చాలకపోతే ఈమెకి మిగతావాళ్ళకన్నా కాస్త ముందు కష్టం రావచ్చు' అన్న వాక్యం 'ఈమెది చెడ్డ రక్తం' అయిపోతుంది.

మన సామెతల్లో ఆ మార్పు ఎప్పుడో జరిగిపోయింది. తల్లిని చూసి పిల్లని, పాడిని చూసి బర్రెని తెచ్చుకోవాలంటారు. మా బంధువుల్లో ఒక పిల్లకి కుదిరిన సంబంధం, మాటలైపోయి చీరలు కొనే దశలో తప్పిపోయింది. ఎవరో చెవిన వేశారట, 'వాళ్ళమ్మకి కొన్నాళ్ళు మతి సరిగ్గా ఉండేది కాదట' అని. ఆ తల్లి రెండో కాన్పు తర్వాత ఆరు నెలలు మంచం దిగలేదు, అంతే. పెళ్ళివాళ్ళు ఆ పిల్ల తండ్రి గురించి, ఆయన తాగుడు గురించి, ఆయన వైపు వాళ్ళ మతుల గురించి ఒక్క మాట అడగలేదు. మనం చెప్పుకుంటున్న ఈ జన్యువు ఉండేది ఒకటో క్రోమోజోము మీద. ప్రతి మనిషికీ ఒక ప్రతి తల్లి నుంచీ, ఒక ప్రతి తండ్రి నుంచీ వస్తుంది. రెండూ టి కావాలంటే నాన్నగారు తన వంతు ఇవ్వాల్సిందే. మేనరికాలు చేసుకునే మన ఇళ్ళలో ఇంకా విచిత్రం. మొదట్లో చెప్పిన అమ్మాయికున్నలాంటి అరుదైన లోపాలు రెండువైపులా ఒకే రక్తం ఉన్నప్పుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. అటూ ఇటూ ఒకటే కుటుంబమైనా సరే, జబ్బు మాత్రం 'వాళ్ళమ్మ వైపు నుంచి' వస్తుంది!

షార్లట్ బ్రాంటీ కూడా 1847లో ఈ పనే చేసింది. బెర్తా పిచ్చికి రాచెస్టర్ చెప్పే కారణం ఆమె కుటుంబంలో మూడు తరాలుగా పిచ్చి ఉందని, తల్లి పిచ్చిదీ తాగుబోతూ అని. స్త్రీవాద విమర్శ బెర్తా కోపాన్ని చదివినంత శ్రద్ధగా ఈ వంశవృక్షాన్ని చదవలేదని నా ఫిర్యాదు. జీన్ రీస్ చదివింది. 1966లో వచ్చిన 'వైడ్ సర్గాసో సీ'లో ఆ తల్లికి ఒక జీవితం ఇచ్చింది. కాలిపోయిన ఇల్లు, చచ్చిపోయిన కొడుకు, చుట్టూ పగ. రక్తంలోంచి వచ్చిందన్న వాక్యానికి ఆమె పెట్టిన కొటేషన్ గుర్తులు ఆ నవల.

చట్టం కూడా పెళ్ళికి మతిని షరతుగా పెట్టింది. 1955 హిందూ వివాహ చట్టంలో మతిస్థిమితం పెళ్ళికి అర్హతా, అది తప్పడం విడాకులకి కారణమూను. మూర్ఛరోగాన్ని 1999లో ఆ జాబితాలోంచి తీసేశారు, మిగతావి ఉన్నాయి. 2013లో ఆంధ్రకి చెందిన ఒక దంపతుల కేసులో, భార్యకి స్కిజోఫ్రీనియా ఉందన్నంత మాత్రాన విడాకులు ఇవ్వడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. 'పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు' అని నవ్వుకునే సామెతలో రెండు చేదర్థకాలున్నాయి. రెండిటి మధ్యా నలిగేది ఎక్కువగా ఆడపిల్లే.

తల్లిని తప్పుపట్టడానికి శాస్త్రం కూడా తక్కువేమీ తినలేదు. 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైష్‌మన్ స్కిజోఫ్రీనియాని పుట్టించే తల్లి అన్న అర్థంలో ఒక మాట వాడింది. స్త్రీయే, దయగల వైద్యురాలే. కొన్ని దశాబ్దాలపాటు ఆ మాట తల్లుల్ని కాల్చుకు తింది. జన్యువులొచ్చాక ఆ భారం దిగుతుందనుకున్నాం. దిగకుండా కిందకి జారింది, తల్లి ప్రవర్తన నుంచి తల్లి గర్భానికి. 1944–45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో వచ్చిన కరువు మంచి ఉదాహరణ. ఆకలి పతాకస్థాయిలో ఉన్నప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో స్కిజోఫ్రీనియా సుమారు రెండు రెట్లు కనిపించిందని 1990లలో తేలింది. 1959–61 చైనా కరువు మీద 2005లో వచ్చిన అధ్యయనమూ ఇంచుమించు అదే చెప్పింది. ఫోలేటు కొరత ఇందుకు ఒక కారణం కావచ్చునని పరిశోధకుల ఊహ. ఈ వ్యాసాల్లో తరచుగా కనిపించే మాట 'తల్లి పోషకాహార లోపం'. డచ్చి తల్లుల నోటి దగ్గర కూడు తీసేసింది జర్మన్ సైన్యం, పడమటి జిల్లాలకి ఆహారం చేరకుండా ఆపి. లోపం తల్లిదని రాసే ఆ షష్ఠీ విభక్తి మీద నాకు పేచీ ఉంది.

విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికన్ డాక్టరు తన మీద తానే చేసుకున్న ప్రయోగం గురించి 1962లో రాశాడు. తిండిని మూడుసార్లు ఉడికించి, నీళ్ళు పారబోసి, ఫోలేటు లేకుండా చేసి నాలుగున్నర నెలలు తిన్నాడు. నాలుగో నెలలో నిద్ర పట్టలేదు, మతిమరుపు వచ్చింది. తర్వాత చిరాకు మొదలైంది. ఫోలేటు తీసుకున్న రెండు రోజుల్లో ఇవన్నీ పోయాయి. ఒక్క మగవాడి నాలుగున్నర నెలల చిరాకు వైద్యగ్రంథాల్లోకెక్కింది. కూరని ఉడికించి నీళ్ళు వార్చేసి, అందరికీ పెట్టి, అడుగూ బొడుగూ తను ఊడ్చుకు తిని, నిద్రలేక, మతిమరుపుతో, చిరాకుతో ముప్పై ఏళ్ళు కాపురం చేసినామెకి మాత్రం గయ్యాళి అని పేరొచ్చింది. (గయ్యాళులందరికీ ఫోలేటు కొరతే అనడం లేదు. కొందరికి గయ్యాళితనమే ఆయుధం, దాన్ని మాత్రతో పోగొట్టాలని నేను కోరను.) 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత, అదే వయసు మగవాళ్ళలో 25 శాతానికి. అందులో పెద్ద వాటా ఐరన్‌దే అయినా, కంచం ఒకటే కదా.

ప్రభుత్వం ఫోలిక్ యాసిడ్ మాత్ర మనకి ఇవ్వకపోలేదు. గర్భిణులకి ఎప్పట్నుంచో ఇస్తోంది. 1991లో బ్రిటన్ పరిశోధన మండలి ప్రయోగంలో, అంతకుముందు వెన్నుపూస లోపంతో బిడ్డని కన్న స్త్రీలకి ఇది ఇస్తే మళ్ళీ అలా జరగడం 72 శాతం తగ్గింది. గొప్ప విషయం. అయితే మన ఊహలో ఆ మాత్ర బిడ్డ కోసమే ఉండిపోయింది. ఆ తల్లి మెదడు కూడా ఆ ఫోలేటుతోనే నడుస్తుందన్నది ఎవరికీ గుర్తు రాదు. 2000లో కోపెన్, బెయిలీ 127 మంది కుంగుబాటు రోగులకి ఫ్లూఆక్సెటిన్‌తో పాటు సగంమందికి 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే, స్త్రీలలో మందు స్పష్టంగా బాగా పనిచేసింది, మగవాళ్ళలో తేడా లేదు. మగవాళ్ళకి మోతాదు చాలలేదేమోనన్నారు. 2014లో బ్రిటన్‌లో 475 మందితో, ఎక్కువ మోతాదుతో జరిగిన ప్రయోగంలో లాభమేమీ కనిపించలేదు. కాబట్టి మాత్ర తెచ్చుకుని మింగెయ్యండని ఎవరైనా రాస్తే నమ్మకండి. ముఖ్యంగా మన దేశంలో హోమోసిస్టీన్ పెరగడానికి పెద్ద కారణం బి12 కొరత. బి12 తక్కువున్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. శాకాహారుల ఇళ్ళలో ఇది మరీ చూసుకోవాలి.

ఇన్ని సందేహాల మధ్య ఒక సందేహమూ లేకుండా సాగేది వ్యాపారం. గర్భస్రావాలైన స్త్రీలకి ఈ జన్యుపరీక్ష రాసివ్వడం నగరాల్లో మామూలైపోయింది. రక్తం గడ్డకట్టే సమస్యకీ, గర్భస్రావాలకీ ఈ పరీక్ష చేయించవద్దని అమెరికా వైద్య జన్యుశాస్త్ర కళాశాల 2013లోనే సలహా ఇచ్చింది. బిడ్డ నిలవక ఏడుస్తున్న మనిషి చేతిలో 'మ్యూటేషన్ ఉంది' అని రాసిన కాగితం పెడితే, ఆ కాగితాన్ని అత్తగారు ఏ విభక్తితో చదువుతుందో చెప్పక్కర్లేదు.

వ్యాకరణంలో చేదర్థకం పక్కనే అప్యర్థకం ఉంటుంది. తిన్నా, చూసుకున్నా, ప్రేమించినా. తీవ్రమైన మానసిక జబ్బుల్లో ఎక్కువభాగం ఆ రూపంలోనే వస్తాయి. ఎంత బాగా తిన్నా, ఎంత బాగా చూసుకున్నా వస్తాయి. వాటికి మందులు కావాలి, ఆ మందులు వాడుకునే స్త్రీని అటు విమర్శకురాలూ ఇటు అత్తగారూ ఒక మనిషిగా ఒప్పుకోవాలి. పరిసరాలే కారణమన్న వాదన ఆ రెండో రూపాన్ని చూడదు. రక్తమే కారణమన్న వాదన మొదటిదాన్ని చూడదు.

ఆ మధ్య కొందరు నర్సింగ్ విద్యార్థినులతో పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదివాం. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన గృహిణి కథ. చర్చ ఎప్పటిలాగే అస్తిత్వం మీదికి వెళ్ళింది. వెనక వరసలోంచి ఒకమ్మాయి, 'బి12 చూపించి ఉండాల్సింది మేడమ్' అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పేరు మర్చిపోవడాన్ని విటమిన్ కొరతగా చదివితే ఆ కథ చచ్చిపోతుందని, అది ఒక్క గృహిణి మతిమరుపు కాదని, ఊరందరూ కలిసి ఆమె పేరు మర్చిపోవడమని చెప్పాను. ఆ అమ్మాయి ఒప్పుకుంది. ఒప్పుకుని, కాసేపాగి, 'అయినా మేడమ్, ఈ కథలో ఆవిడ ఎప్పుడు తింటుంది?' అని అడిగింది. ఎవరూ నవ్వలేదు. పుస్తకాలు మళ్ళీ తెరిచి, మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టాం.